స్కోరు, అనుభవం, సిబ్బంది: తీవ్ర అస్వస్థతలో నర్సు విచక్షణపై ఒక సమీక్ష

వార్డులో పేషెంటు గుండె ఆగిపోతే ఇంట్లోవాళ్లకు తరచుగా వినిపించే మాట ఒకటే: "ఉన్నట్టుండి ఇలా అయింది." చాలా సందర్భాల్లో అది నిజం కాదని మూడు దశాబ్దాల కిందటే పరిశోధన చూపించింది. 1990లో అమెరికాలోని మయామీలో ఒక పెద్ద ఆసుపత్రి వైద్యులు వార్డుల్లో వరసగా గుండె ఆగిన 64 మంది కేస్ షీట్లను తిరగేశారు. వాళ్లలో 84 శాతం మందికి అంతకుముందు 8 గంటల లోపే పరిస్థితి దిగజారుతున్నట్టో, కొత్త బాధ మొదలైనట్టో రాసి ఉంది. ఎక్కువమందిలో ఆ మార్పు ఊపిరిలోనో తెలివిలోనో కనిపించింది. ప్రమాదం ముందే సూచన ఇచ్చింది, దాన్ని ఎవరో గమనించారు, కాగితం మీద కూడా పెట్టారు. అయినా సాయం అందలేదు.

వార్డులో ఇలాంటి మార్పును మొదట చూసే అవకాశం నర్సుదే. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళతారు. నర్సు షిఫ్టు మొత్తం అక్కడే ఉంటుంది. అందుకే తీవ్ర అస్వస్థతలో ఉన్నవారి సంరక్షణ గురించి ఏ చర్చ మొదలైనా రెండు ప్రశ్నల దగ్గరికి వస్తుంది. ఒకేసారి పదిమంది పిలుస్తున్నప్పుడు నర్సు ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ నిర్ణయం సరిగ్గా ఉండాలంటే ఏది ఆధారం కావాలి: అంకెలా, అనుభవమా, తగినంత సిబ్బందా, కంప్యూటరా? ఒక్కో వర్గం ఒక్కో జవాబు చెబుతూ వచ్చింది. ఏ జవాబు ఎక్కడిదాకా నిలబడుతుందో చూడటం ఈ వ్యాసం పని.

చర్చ నడిచిన దారి

రోగిని గమనించడం నర్సు పనికి గుండెకాయ అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి నర్సింగ్ పుస్తకంలోనే ఒక అధ్యాయమంతా కేటాయించి వాదించింది. కానీ ఆ తర్వాత వందేళ్ల వరకు గమనించడం నర్సుది, నిర్ణయించడం డాక్టరుది అన్న విభజన చెక్కుచెదరలేదు. 1961లో ఐడా జీన్ ఒర్లాండో ఆ గీతను కదిపింది. పేషెంటు ప్రవర్తనలో కనిపించిన మార్పుకు అర్థమేమిటో నర్సు తానే ఆలోచించి, పేషెంటునే అడిగి నిర్ధారించుకుని, అప్పుడు చర్య తీసుకోవాలని ఆమె ప్రతిపాదించింది. పరిశీలన, సమస్య నిర్ధారణ, ప్రణాళిక, అమలు, సమీక్ష అంటూ నేడు ప్రతి నర్సింగ్ విద్యార్థీ నేర్చుకునే క్రమం ఆ దశకంలో రూపుదిద్దుకోవడం మొదలైనదే.

రెండో మలుపు 1990ల్లో వచ్చింది. 1992లో జెఫ్రీ సిల్బర్ బృందం శస్త్రచికిత్స పేషెంట్ల విషయంలో ఒక కొత్త కొలతను ప్రవేశపెట్టింది: చిక్కులు వచ్చినవారిలో ఎంతమందిని కాపాడలేకపోయారు? చిక్కు రావడం ఎక్కువగా పేషెంటు స్థితిని బట్టి ఉంటే, వచ్చిన చిక్కు నుంచి కాపాడలేకపోవడం ఎక్కువగా ఆసుపత్రిని బట్టి ఉందని వాళ్లు చూపించారు. 2009లో అమీర్ గఫేరీ బృందం చేసిన అధ్యయనం దీన్ని ఇంకా స్పష్టం చేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న ఆసుపత్రుల్లోనూ తక్కువగా ఉన్న ఆసుపత్రుల్లోనూ చిక్కుల శాతం దాదాపు సమానం. పెద్ద చిక్కు వచ్చాక చనిపోయినవారు మాత్రం ఒకచోట 21.4 శాతం, మరోచోట 12.5 శాతం. తేడా చిక్కును ఎంత త్వరగా పసిగట్టి ఎదుర్కొన్నారన్నదాంట్లో ఉండవచ్చని ఇది సూచించింది.

ఇదే కాలంలో ఆచరణ కూడా మారింది. సిడ్నీలోని లివర్‌పూల్ ఆసుపత్రిలో కెన్ హిల్‌మన్ 1990లో మెడికల్ ఎమర్జెన్సీ టీమ్‌ను మొదలుపెట్టారు. గుండె ఆగేదాకా ఆగకుండా, పరిస్థితి దిగజారుతోందనగానే నర్సు నేరుగా పిలవగల బృందం అది. 1997లో ఇంగ్లండ్‌లోని జేమ్స్ పాజెట్ ఆసుపత్రి వైద్యులు బీపీ, పల్స్, ఊపిరి, జ్వరం, తెలివి అనే వాటికి మార్కులు వేసి కూడే ముందస్తు హెచ్చరిక స్కోరును ప్రకటించారు. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో అలాంటి స్కోరునే దేశమంతటికీ ఒకటిగా, న్యూస్ పేరుతో తెచ్చింది. 2017 చివర్లో దాన్ని సవరించి న్యూస్2 విడుదల చేసింది.

ముందు ఎవరిని చూడాలి: పాత సూత్రాల బలం, పరిమితి

స్కోర్లకు ముందు నుంచీ ఉన్నవి ప్రాధాన్య సూత్రాలు. వాటిలో అన్నిటికన్నా బలమైనది ఊపిరి దారి, ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, ఆపైన ఒళ్లంతా చూడటం అనే ఏబీసీడీఈ వరస. 1978లో అమెరికాలో ప్రమాద బాధితుల చికిత్స శిక్షణగా మొదలైన ఏటీఎల్‌ఎస్ దీన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. దీని తర్కం సూటిగా ఉంటుంది: త్వరగా చంపేదాన్ని ముందు సరిచేయాలి, రోగమేమిటో తేలేదాకా ఆగనక్కర్లేదు. మాస్లో 1943లో చెప్పిన అవసరాల నిచ్చెన మరో ఆధారం. శరీర అవసరాలు ముందు, భద్రత తర్వాత, మిగతావి ఆ తర్వాత. వీటికి తోడు తరగతి గదుల్లో నేర్పే జంట సూత్రాలున్నాయి: పాత బాధ కన్నా కొత్త బాధ ముందు, ఊహించిన మార్పు కన్నా ఊహించని మార్పు ముందు, నిలకడగా ఉన్నవారి కన్నా మారుతున్నవారు ముందు.

ఒక పేషెంటు విషయంలో ఏ పని ముందన్నది ఏబీసీడీఈ చక్కగా చెబుతుంది. పదిమందిలో ఎవరు ముందన్నది చెప్పడం దానికి కష్టం. పాతికేళ్లుగా పొగ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి శాచురేషన్ 89 ఉండటం అతని మామూలు స్థితి కావచ్చు. నిన్నటిదాకా 98 ఉన్న యువకుడికి ఇవాళ 93 రావడం ప్రమాద సూచన కావచ్చు. సూత్రం ప్రకారం మొదటివారు ముందు, విచక్షణ ప్రకారం రెండోవారు ముందు. మాస్లో నిచ్చెనకూ ఇలాంటి లోపమే ఉంది. భయం, ఆందోళన పై మెట్ల విషయాలని అది పక్కన పెట్టిస్తుంది. కానీ ప్రశాంతంగా ఉన్న పేషెంటు ఉన్నట్టుండి మంచం మీద నిలవలేక గింజుకుంటున్నాడంటే అది మెదడుకు ఆక్సిజన్ చాలడం లేదన్న తొలి సంకేతం కావచ్చు. సూత్రాలు కొత్త నర్సుకు నిలబడే నేలనిస్తాయి. వాటితోనే పని పూర్తవుతుందని ఎవరూ వాదించడం లేదు.

మొదటి పక్షం: అంకె చెప్పనివ్వండి

స్కోరు పక్షం వాదన సమానత్వం మీద నిలబడింది. అనుభవం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది, ఒకే మనిషిలో కూడా తెల్లవారుజామున మూడింటికి ఒకలా, ఉదయం పదింటికి మరోలా ఉంటుంది. అంకె ఎవరి చేతిలోనైనా ఒకటే. న్యూస్2లో ఊపిరి వేగం, శాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, జ్వరం అనే ఏడింటికి మార్కులున్నాయి. మొత్తం 5 లేదా అంతకన్నా ఎక్కువైతే అత్యవసరంగా డాక్టరు చూడాలి, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే క్రిటికల్ కేర్ అనుభవమున్న బృందం రావాలి. కొత్తగా వచ్చిన అయోమయానికి 2017 సవరణ ఏకంగా 3 మార్కులిచ్చింది. నిమిషానికి 25 సార్లు, ఆపైన ఊపిరి తీస్తున్నా 3 మార్కులే.

ఈ పద్ధతి చేసిన గొప్ప మేలు ఊపిరి లెక్కకు విలువ తేవడం. ఊపిరి వేగం పరిస్థితి దిగజారుతోందని తొందరగా చెప్పే సంకేతం. వార్డులోని మామూలు యంత్రం చూపనిదీ, నిమిషం పాటు నిలబడి లెక్కపెట్టాల్సిందీ కావడంతో అందరూ వదిలేసే సంకేతం కూడా అదే. స్కోరు రెండో మేలు, చిన్న ఉద్యోగికి మాట ఇవ్వడం. "నాకెందుకో తేడాగా అనిపిస్తోంది సార్" అనడానికి జంకే జూనియర్ నర్సు "స్కోరు 7 వచ్చింది సార్" అని ధైర్యంగా చెప్పగలదు.

విమర్శలు మూడు. ఒకటి, అంకె నిజాయతీ కొలిచిన చేతిని బట్టి ఉంటుంది. తీరిక లేని వార్డులో ఊపిరి వేగం అందరికీ 18 అనో 20 అనో రాసేస్తే స్కోరు మొత్తం అబద్ధమవుతుంది. రెండు, స్కోరు ఎవరి కోసం తయారైందన్న ప్రశ్న. న్యూస్‌కు ఆధారమైన లెక్కలు ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ ఆసుపత్రి పేషెంట్ల నుంచి తీసినవి. 16 ఏళ్ల లోపువారికి, గర్భిణులకు దాన్ని వాడకూడదని తయారుచేసినవారే చెప్పారు. మూడు, అన్ని చిన్న స్కోర్లూ సమానం కావు. సెప్సిస్ కోసం 2016లో వచ్చిన క్యూసోఫా చాలా పేరు తెచ్చుకుంది. 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు మాత్రం న్యూస్ లాంటివి ఉండగా క్యూసోఫా ఒక్కదానితోనే సెప్సిస్ కోసం గాలించవద్దన్నాయి.

రెండో పక్షం: అనుభవం ముందే పసిగడుతుంది

1984లో ప్యాట్రిషియా బెన్నర్ నర్సుల ఎదుగుదలను అయిదు మెట్లుగా వర్ణించింది. మొదటి మెట్టులోని నర్సు సూత్రాన్ని పట్టుకుని నడుస్తుంది. చివరి మెట్టులోని నర్సు పేషెంటు మొత్తం స్థితిని ఒక్క చూపులో అందుకుంటుంది, ఎందుకలా అనిపించిందో వెంటనే చెప్పలేకపోవచ్చు. గ్యారీ క్లైన్ సహచరులు నవజాత శిశువుల ఐసీయూ నర్సులను ప్రశ్నించినప్పుడు దీనికి గట్టి ఆధారం దొరికింది. రక్తపరీక్ష ఫలితం రాకముందే బిడ్డకు ఇన్ఫెక్షన్ సోకిందని వాళ్లు గుర్తిస్తున్నారు. ఓపిగ్గా తవ్వి తీస్తే వాళ్లు గమనిస్తున్న సూచనల్లో కొన్ని అప్పటి పుస్తకాల్లోనే లేవు.

2006లో క్రిస్టీన్ ట్యానర్ దాదాపు 200 అధ్యయనాలను సమీక్షించి నర్సు ఆలోచనను నాలుగు అడుగులుగా చూపింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, వెనక్కి తిరిగి ఆలోచించుకోవడం. ఆమె తేల్చినవాటిలో ముఖ్యమైనది, మంచి నిర్ణయం పేషెంటును ఎరిగి ఉండటం మీద, వార్డు వాతావరణం మీద ఎంతో ఆధారపడుతుందన్నది. నెదర్లాండ్స్ పరిశోధకులు నర్సు ఆందోళనను కూడా కొలవవచ్చని చూపారు. ఊపిరి తీరు, ఒంటి రంగు, వణుకు, కొత్త నొప్పి, ఎదురుచూసినంత మెరుగుపడకపోవడం, బాగాలేదని పేషెంటే చెప్పడం వంటి 9 సూచనల పట్టిక తయారుచేశారు. అంకెలు మారకముందే ఇవి కనిపించవచ్చన్నది వాళ్ల వాదన.

విమర్శకుల అభ్యంతరం సులువుగా తీసిపారేసేది కాదు. అంతర్బుద్ధి సరైనప్పుడు అందరూ గుర్తుపెట్టుకుంటారు, తప్పినప్పుడు మరచిపోతారు. అనుభవజ్ఞులు కూడా మొదటి అభిప్రాయానికే అతుక్కుపోవచ్చు. అన్నిటికన్నా ఆచరణాత్మకమైన అభ్యంతరం, అనుభవం అందరి దగ్గరా ఉండదన్నది. 2005లో డొరతీ డెల్ బ్యూనో అమెరికాలో కొత్తగా చేరిన నర్సులను పరీక్షించినప్పుడు క్లినికల్ జడ్జ్‌మెంట్‌లో కనీస స్థాయి అందుకున్నవారు 35 శాతమే. అమెరికా లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌ను 2023 ఏప్రిల్‌లో మార్చి, జ్ఞాపకశక్తికి బదులు పేషెంటు స్థితి మారుతున్నకొద్దీ నిర్ణయాలు అడిగే ప్రశ్నలు చేర్చడానికి ఇలాంటి ఆందోళనే కారణం. అమెరికా వెళ్లదలచిన తెలుగు నర్సులు ఇప్పుడు రాస్తున్నది ఈ పరీక్షే. ఇక్కడి మన పరీక్షలు ఆ పని ఎంతవరకు చేస్తున్నాయన్నది వేరుగా ఆలోచించాల్సిన విషయం.

మన వార్డులు పెట్టే పరీక్ష

ఈ రెండు పక్షాల బలాబలాలు తేలేది తెలుగు జిల్లాల ఆసుపత్రులకు వచ్చే జబ్బుల దగ్గర.

డెంగ్యూ తీసుకుందాం. జ్వరం తగ్గగానే పేషెంటు బాగుపడ్డాడని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ప్రమాదఘట్టం అప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి, పై బీపీ నిలబడే ఉండగా కింది బీపీ పెరిగి రెండింటి మధ్య దూరం తగ్గిపోతుంది. ఆ దూరం 20 లేదా అంతకన్నా తక్కువకు దిగితే షాక్ వచ్చినట్టే లెక్క. ఉదాహరణకు జ్వరం లేని పేషెంటుకు బీపీ 104/86, పల్స్ 108, ఊపిరి 20, శాచురేషన్ 98 ఉన్నాయనుకుంటే న్యూస్2 స్కోరు 2 మాత్రమే. ఆ స్కోరుకు మళ్లీ చూడాల్సింది 4 నుంచి 6 గంటల తర్వాత. న్యూస్2లో కింది బీపీకి చోటే లేదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చిగుళ్ల రక్తం చూసి ఇది ప్రమాదమని చెప్పాల్సింది డెంగ్యూ నడక తెలిసిన నర్సే.

కట్లపాము కాటు మరో ఉదాహరణ. నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కాటేస్తుంది. కాటుచోట వాపు, నొప్పి నామమాత్రం. అన్ని అంకెలూ మామూలుగా ఉండగానే కనురెప్పలు వాలడం మొదలవుతుంది, ఆ తర్వాత మింగలేకపోవడం, చివరికి ఊపిరి కండరాలు చచ్చుబడటం. రెప్పలు వాలే దశలో స్కోరు 0 ఉండవచ్చు. పురుగుమందు తాగినవారి విషయంలో తొలి గండం గడిచి, అట్రోపిన్‌తో తేరుకున్నారనుకున్నాక 1 నుంచి 4 రోజుల మధ్య కండరాల బలహీనత వచ్చి ఊపిరి ఆగే ప్రమాదముంది. దాన్ని ముందుగా పట్టించేది తలగడ మీంచి తల ఎత్తమని అడగడం. ఎత్తలేకపోతే వెంటనే వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలి.

ఈ మూడు ఉదాహరణలు స్కోరును కొట్టిపారేయడానికి కాదు. న్యుమోనియాలో, సెప్సిస్‌లో, ఆపరేషన్ తర్వాత లోపలి రక్తస్రావంలో అదే స్కోరు ఎంతో విలువైనది. స్కోరు చూపని జబ్బులేవో ముందే తెలుసుకుని, వాటికి ప్రత్యేకమైన గమనింపు చేర్చుకోవాలన్నదే ఇక్కడి పాఠం. డెంగ్యూ వార్డు చార్టులో రెండు బీపీల తేడాకు ఒక గడి, పాముకాటు చార్టులో రెప్పలకు, మింగడానికి రెండు గడులు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మూడో పక్షం: ముందు మనుషుల్ని ఇవ్వండి

స్కోరైనా అనుభవమైనా పేషెంటు దగ్గర నిలబడే సమయం ఉంటేనే పనిచేస్తుందన్నది మూడో పక్షం. లిండా ఐకెన్ బృందం 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి, ఒక నర్సుకు ఒక్క పేషెంటు అదనంగా చేరితే 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని చూపింది. 2014లో 9 యూరప్ దేశాల్లోనూ దాదాపు అదే ఫలితం వచ్చింది. పైగా డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే మరణ అవకాశం 7 శాతం తగ్గినట్టు తేలింది. ఇవి సంబంధాన్ని చూపిన లెక్కలే తప్ప కారణాన్ని రుజువు చేసినవి కావని విమర్శ వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో చట్టం ద్వారా 27 ఆసుపత్రుల్లో పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని నిర్ణయించాక ఆ విమర్శకు కొంత జవాబు దొరికింది. చట్టం వర్తించని ఆసుపత్రులతో పోల్చిన 2021 అధ్యయనం, వర్తించినచోట మరణ అవకాశం 11 శాతం మేర తగ్గిందని చెప్పింది.

మన చర్చలో ఒక లెక్క తరచుగా పొరపాటుగా అర్థమవుతుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రుల్లో 3 పడకలకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో 5 పడకలకు ఒక నర్సు. దీన్ని కాలిఫోర్నియా చట్టంలోని 5 మందికి ఒక నర్సు అనే నిష్పత్తితో పక్కపక్కన పెట్టి, మనదే మెరుగన్నట్టు మాట్లాడతారు. కాలిఫోర్నియా లెక్క ఏ క్షణంలోనైనా వార్డులో ఉండాల్సిన నర్సులది. మన లెక్క మొత్తం ఉద్యోగులది. మూడు షిఫ్టులకు పంచితే బోధనాసుపత్రిలోనే ఒక నర్సుకు 9 మంది. ప్రమాణం పూర్తిగా అమలైతే వచ్చే సంఖ్య అది. ఖాళీలున్నచోట, వరండాలో అదనపు పడకలు వేసినచోట ఆ సంఖ్య ఎక్కడికి వెళుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

పని పెరిగినప్పుడు నర్సులు ఏది వదిలేస్తారన్నది బీట్రిస్ కాలిష్ 2006 నుంచి అధ్యయనం చేసింది. పక్క మార్చడం, నడిపించడం, పేషెంటుకు వివరించడం, ఇన్‌టేక్–అవుట్‌పుట్ రాయడం వంటివి ముందు జారిపోతాయి. మందులు, ఇంజక్షన్లు సాధారణంగా నిలుస్తాయి. బయటికి కనిపించే పని నిలిచి, ప్రమాదాన్ని పసిగట్టే పని పోతుంది. దీనికి జీతాల సమస్య తోడవుతోంది. 2016లో సుప్రీంకోర్టు సూచనతో ఏర్పడిన కమిటీ 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సు జీతం 20,000 రూపాయలకు తగ్గరాదంది. అనుభవం సంపాదించిన నర్సులు గల్ఫ్‌కూ బ్రిటన్‌కూ జర్మనీకీ వెళ్లిపోతుంటే, బెన్నర్ చెప్పిన అయిదో మెట్టు వరకు ఎక్కినవారు మన వార్డుల్లో ఎంతమంది మిగులుతారు?

చెప్పే హక్కు, వినే బాధ్యత

నర్సు గమనించింది, సరిగ్గానే అర్థం చేసుకుంది. తర్వాత? ఆస్ట్రేలియాలో 23 ఆసుపత్రులతో జరిపి 2005లో ప్రకటించిన మెరిట్ పరీక్ష అందరినీ నిరాశపరిచింది. ఎమర్జెన్సీ టీమ్ ఉన్న ఆసుపత్రులకూ లేని ఆసుపత్రులకూ ఫలితాల్లో గణనీయమైన తేడా రాలేదు. లోతుగా చూస్తే, బృందాన్ని పిలవాల్సిన ప్రమాణాలు అందుకున్న చాలామంది విషయంలో అసలు పిలుపే వెళ్లలేదు. పిలిస్తే చీవాట్లు పడతాయేమోనన్న జంకు, ముందు డ్యూటీ డాక్టరుకే చెప్పాలన్న అలవాటు దీనికి కారణాలుగా ఇతర అధ్యయనాల్లో పదేపదే కనిపించాయి.

దీనికి వచ్చిన పరిష్కారాల్లో ఎస్‌బార్ ఒకటి. అమెరికా నౌకాదళం నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఈ పద్ధతిలో పరిస్థితి, నేపథ్యం, అంచనా, కావలసింది అనే నాలుగు ముక్కలుంటాయి. మన వార్డులో అది ఇలా ఉంటుంది: "సార్, ఏడో బెడ్ డెంగ్యూ పేషెంటు గురించి. అయిదో రోజు, పొద్దున జ్వరం తగ్గింది. బీపీ 104/86, చేతులు చల్లబడ్డాయి, షాక్‌లోకి వెళుతున్నాడనుకుంటున్నాను. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్." చివరి వాక్యమే కీలకం. నర్సు కేవలం సమాచారం చెప్పి ఊరుకోకుండా, తన అంచనాను చెప్పి, కావలసింది అడుగుతోంది.

రెండో పరిష్కారం కుటుంబానికి గొంతునివ్వడం. క్వీన్స్‌లాండ్‌లో ర్యాన్స్ రూల్, 2024 నుంచి ఇంగ్లండ్‌లో మార్తాస్ రూల్ ద్వారా పేషెంటు బంధువులే మరో బృందం చేత పరీక్ష చేయించమని అడగవచ్చు. మన ఆసుపత్రుల్లో ప్రతి మంచం పక్కనా అటెండెంటుగా ఒక బంధువు ఎప్పుడూ ఉంటారు. రాత్రంతా మేలుకుని చూసే ఆ కళ్లకు ఏం గమనించాలో, ఎవరికి చెప్పాలో నేర్పే ఏర్పాటు మాత్రం లేదు.

మూడోది నర్సు అధికారాన్ని పెంచడం. భారత నర్సింగ్ కౌన్సిల్ 2016–17 ప్రాంతంలో ప్రవేశపెట్టిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు ఈ దిశలో వేసిన అడుగు. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ కాన్పుల విషయంలో నర్సు స్వతంత్రంగా నిర్ణయించవచ్చన్న నమ్మకాన్ని ఆచరణలో పెట్టింది. తీవ్ర అస్వస్థత విషయంలో ఆ చదువుకు తగ్గ పోస్టులు, అధికారాలు ఇంకా స్పష్టం కావాలి.

యంత్రం వాగ్దానం

ఎలక్ట్రానిక్ రికార్డుల్లోంచి ప్రమాదాన్ని ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ తాజా వాదం. 2021లో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఎపిక్ కంపెనీ సెప్సిస్ మోడల్‌ను బయటివారు పరీక్షిస్తే అది సెప్సిస్ పేషెంట్లలో 67 శాతం మందిని గుర్తించలేకపోయింది, అనవసరపు హెచ్చరికలు మాత్రం చాలా ఇచ్చింది. దీనికి భిన్నంగా కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కన్సర్న్ అనే పద్ధతిలో నర్సు ఎప్పుడెప్పుడు, ఎంత తరచుగా పేషెంటును చూసి రాస్తోందన్నదాన్నే సంకేతంగా తీసుకున్నారు. అనుమానం ఉన్న పేషెంటు దగ్గరికి నర్సు నియమం కన్నా ఎక్కువసార్లు వెళుతుంది కాబట్టి, ఆ వెళ్లడమే సమాచారం. 2025లో ప్రకటించిన పరీక్షలో ఈ పద్ధతి వాడిన వార్డుల్లో మరణాలు గణనీయంగా తగ్గాయి. మంచి ఫలితమిచ్చిన యంత్రం నర్సు విచక్షణనే వినడం నేర్చుకున్నదన్నది గమనించాల్సిన విషయం.

పక్కపక్కన పెట్టి చూస్తే

స్కోరు బలం: అందరికీ ఒకే కొలత, కొత్త నర్సుకు ధైర్యం. బలహీనత: సరిగ్గా కొలవకపోతే వ్యర్థం, కొన్ని జబ్బులను చూడలేదు. దానికి కావలసింది: కొలిచే తీరిక, స్థానిక సవరణ.

అనుభవం బలం: అంకె కన్నా ముందు పసిగట్టడం, పేషెంటును మనిషిగా ఎరగడం. బలహీనత: అందరిలో సమానంగా ఉండదు, తప్పితే పట్టుకోవడం కష్టం. దానికి కావలసింది: అనుభవజ్ఞులు వార్డులోనే కొనసాగడం, తప్పొప్పులను కూర్చుని చర్చించుకునే అలవాటు.

సిబ్బంది పెంపు బలం: పెద్ద అధ్యయనాల మద్దతు, మిగతా అన్నిటికీ ఇదే పునాది. బలహీనత: ఖర్చు, అమలుకు ఏళ్లు పట్టడం, సంఖ్య పెరిగినా నైపుణ్యం దానంతటదే రాకపోవడం. దానికి కావలసింది: షిఫ్టు లెక్కన చట్టబద్ధమైన నిష్పత్తి.

స్పందన బృందం, చెప్పే హక్కు బలం: గమనింపును చర్యగా మార్చడం. బలహీనత: హోదాల సంస్కృతి మారకపోతే కాగితానికే పరిమితం. దానికి కావలసింది: పిలిచిన నర్సును ఎవరూ తప్పుపట్టరన్న హామీ.

సాఫ్ట్‌వేర్ బలం: ఎప్పుడూ మేలుకునే ఉండటం. బలహీనత: మంచి రికార్డులు లేనిచోట గుడ్డిది, అనవసరపు హెచ్చరికలతో విసుగు పుట్టిస్తుంది. దానికి కావలసింది: మన పేషెంట్ల మీద బయటివారు చేసిన పరీక్ష.

తేలినవి, తేలనివి

కొన్ని విషయాలు తేలిపోయాయి. పరిస్థితి దిగజారడం ఎక్కువసార్లు ముందే తెలుస్తుంది. ఊపిరి వేగం, కొత్త అయోమయం విస్మరించరాని సంకేతాలు. సిబ్బంది కొరతకూ మరణాలకూ ఉన్న సంబంధం దేశాలు మారినా మారలేదు. నర్సు ఆందోళనకు సమాచారంగా విలువ ఉంది.

తేలనివీ ఉన్నాయి. భారతీయ వార్డులకు ఏ స్కోరు, ఏ హద్దులతో సరిపోతుంది? ఒక నర్సుకు 20 మంది ఉన్నచోట ఎంత తరచుగా కొలవడం సాధ్యం, ఎవరిని తరచుగా కొలవాలి? శాచురేషన్ కొలిచే పరికరం నల్లటి చర్మం మీద అసలు కన్నా ఎక్కువ చూపే ప్రమాదం ఉందని 2020లో అమెరికా అధ్యయనం చెప్పింది. మన చర్మపు ఛాయల్లో ఆ తేడా ఎంత? విచక్షణను సిమ్యులేషన్ గదిలో ఎంతవరకు నేర్పవచ్చు, మంచం పక్కనే ఎంత నేర్చుకోవాలి? వీటికి జవాబులు ఇక్కడి ఆసుపత్రుల నుంచే రావాలి.

చర్చ చిక్కుపడటానికి కారణం, ప్రతి పక్షమూ గొలుసులో ఒక్కో లంకెను పట్టుకుని అదే మొత్తమని వాదించడం. మయామీ కేస్ షీట్లలో గమనింపు ఉంది. మెరిట్ ఆసుపత్రుల్లో బృందం ఉంది. ఆ రెంటి నడుమ పిలుపు లేదు. అందుకే ఏ పద్ధతినైనా తూచాల్సిన కొలత ఒకటే: నర్సు మొదట గమనించిన నిమిషానికీ పేషెంటుకు చికిత్స మొదలైన నిమిషానికీ మధ్య కాలాన్ని అది తగ్గించిందా? ఆ రెండు సమయాలనూ కేస్ షీట్‌లో రాయడం ఏ జిల్లా ఆసుపత్రైనా రేపే మొదలుపెట్టవచ్చు. ప్రతి నెలా నర్సులు, డాక్టర్లు కలిసి కూర్చుని ఆలస్యమైన కేసులను చూస్తే, కొలవడానికి తీరిక లేకపోయిందో, అర్థం చేసుకునే చదువు చాలలేదో, చెప్పినా ఎవరూ రాలేదో బయటపడుతుంది. మొదటిదానికి నియామకాలు, రెండోదానికి శిక్షణ, మూడోదానికి అధికారం మందు. ఏది కావాలో ఊహించి వాదించుకునే బదులు ఆ లెక్కే చెబుతుంది. నర్సు విచక్షణను గౌరవించడమంటే ఆమెను పొగడటం కాదు, ఆమె చెప్పిన మాటకు మనిషి కదిలి వచ్చేలా ఆసుపత్రిని నడపడం.